ఎస్టిమేటుకు వెళ్లిన ఇంట్లో బొట్టు

ముందే ఒక మాట చెప్పేస్తాను. దయ్యాలన్నా ఆత్మలన్నా నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు గుంటూరులో మా వీధి చివర ఒక పాడుబడ్డ డాబా ఉండేది. మిగతా పిల్లలు దాని పక్క నుంచి పరుగెత్తేవాళ్లు. నేను తాపీగా నడిచి వెళ్లేదాన్ని. అది ధైర్యమేమీ కాదు, పరుగెత్తడానికి బద్ధకం.

పైగా నేను బతికేదే లెక్కల మీద. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఏ పనికి ఎంతమంది కావాలో, ఎన్నాళ్లు పడుతుందో ముందుగా అంచనా వేయడం నా ఉద్యోగం. ఎవరైనా నా ముందు "సుమారుగా" అంటే ఒళ్లు మండుతుంది. అలాంటి నేను ఇలాంటిది రాస్తున్నానంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తాను. మీరేమనుకుంటారో మీ ఇష్టం.

మా ఆయన పోయి నాలుగేళ్లు దాటింది. గుండెపోటు. మా అమ్మాయి హరిణి ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆయన పోయాక మేమిద్దరం రెండిళ్లు మారాం. ఒంటరి ఆడదానికి "ఇల్లు ఇవ్వం" అని మొహం మీద ఎవరూ అనరు. "మా చుట్టాలు వస్తున్నారండి" అంటారు. చివరికి మియాపూర్‌లో ఒక ఫ్లాటు దొరికితే ఊపిరి పీల్చుకున్నాం. ఈ ఏడు ఆ ఓనరు కూడా ఫోన్ చేశాడు. కొడుక్కి పెళ్లి కుదిరిందట, ఖాళీ చేయాలట.

హరిణి ఏడవలేదు, అరవలేదు. "అమ్మా, ఈసారి మారితే ఇంక మారకూడదు. నావి రెండు అట్టపెట్టెలు కిందటిసారి నుంచి విప్పనే లేదు" అంది. ఆ మాటతో నాకు నిద్ర కరువైంది. ఇక కొనాల్సిందే అనుకున్నాను.

గోపన్‌పల్లి వైపు కొత్త అపార్ట్‌మెంట్లు చూశాం. బాగున్నాయి. ధర విన్నాక లిఫ్టు ఎక్కి కిందికి వచ్చేశాం. తర్వాత మదీనాగూడలో, హైవే మీద నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో, ఒంటి అంతస్తు పాత ఇల్లు ఉందని తెలిసింది. నూటయాభై గజాలు. యజమాని నర్సింగరావు గారికి మోటారు స్పేర్ పార్టుల షాపు ఉంది. ఆ ఇంట్లో వాళ్లమ్మ ఉండేదట. ఆవిడ పోయి రెండేళ్లయింది, అప్పటి నుంచి తాళం. పాత ఇల్లు కాబట్టి ధర నాకు అందేటట్టే ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఇల్లు కొనడానికి బ్యాంకు అప్పిస్తుంది కానీ, ఆ ఇంటిని మనిషి ఉండేలా చేయడానికి నా చేతి డబ్బే పెట్టుకోవాలి. నా చేతిలో ఉన్నది పన్నెండు లక్షలు. అంతకు రూపాయి దాటినా హరిణి చదువుకు ఉంచిన డబ్బు కదపాలి. అది కదపనని ఆయన ఫోటో ముందు అనుకున్నాను. నెలాఖరులోగా బయానా ఇవ్వాలి, లేకపోతే ఇంకొకరు సిద్ధంగా ఉన్నారని నర్సింగరావు గారు చెప్పారు. ఇక్కడ బయానా ఇచ్చి వెనక్కి తగ్గితే ఆ డబ్బు మరిచిపోవాల్సిందే. అంటే ఆలోగా నాకు రిపేర్ల లెక్క పక్కాగా తేలాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేసి చూడు అని ఎవరూ ఎందుకు అనలేదో! బహుశా అది చూసినవాళ్లకు మాట్లాడే ఓపిక మిగిలి ఉండదు.

నర్సింగరావు గారు ఇచ్చి ఉంచిన తాళంచెవి తీసుకుని, మొదటిసారి రాములు అనే మేస్త్రితో వెళ్లాను. పొద్దున తొమ్మిదింటప్పుడు, ఆఫీసుకు వెళ్లేముందు. కింద షాబాదు బండలు, వంటింట్లో నడుం వంచి వండుకోవాల్సినంత పొట్టి కడప బండ గట్టు, గోడల్లో చెమ్మ, తుప్పు పట్టిన నీళ్ల పైపులు, చెక్క పట్టీల మీద పాత వైరింగు. స్లాబు ఒకచోట ఊడి ఇనుము కనిపిస్తోంది. మేస్త్రి ప్రతి గోడనూ వేళ్లతో తడుతూ వచ్చాడు. నేను ఫోనులో రాసుకుంటూ వచ్చాను.

"కచ్చితంగా ఎంత అవుతుంది?" అని అడిగాను.

"పాతిల్లు గద మేడం. కొట్టినంకనే ఎర్కైతది" అన్నాడు.

కొట్టాక తెలిస్తే నాకెందుకు, కొనేముందు తెలియాలి కదా అని విసుక్కున్నాను. అతను నవ్వి ఇంకో గోడ తట్టాడు. బయటికొచ్చి తాళం వేసి, నేరుగా ఆఫీసుకు వెళ్లాను. దారిలో ఎక్కడా ఆగలేదు. సీట్లో కూర్చోగానే వీడియో కాల్‌లో చేరాను. పలకరింపులు కాగానే చెన్నై నుంచి ఒకావిడ "ఈరోజు మీ ఇంట్లో పూజా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. తెర మీద నా మొహం చూసుకున్నాను.

నా నుదుటి మీద కుంకుమ బొట్టు ఉంది. గుండ్రంగా, రెండు కనుబొమల మధ్య.

కాల్ అయ్యాక బాత్రూముకు వెళ్లి టిష్యూతో తుడిచాను. ఎర్రగా అంటింది. కుంకుమ వాసన ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా. అదే వాసన. ఆ కాల్ రికార్డింగు ఇప్పటికీ ఉంది, ఎప్పుడు కావాలన్నా తీసి చూడొచ్చు. ఆ పొద్దున హరిణికి జడ వేస్తున్నప్పుడు అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. అప్పుడు నుదుటి మీద ఏమీ లేదు.

నేను బొట్టు పెట్టుకోవడం మానేసి నాలుగేళ్లు. ఎవరూ మానమనలేదు. పెట్టుకుంటే "పెట్టుకున్నావేం" అనేవాళ్లుంటారు, మానేస్తే "మానేశావేం" అనేవాళ్లూ ఉంటారు. రెండో రకం వాళ్లు తక్కువ, అందుకని మానేశాను. ఆయన పోయిన మరుసటేడు మా పిన్ని కూతురి పెళ్లిలో, మా అమ్మే కుంకుమ భరిణె పట్టుకుని వరసగా కూర్చున్న ఆడవాళ్లందరికీ బొట్టు పెడుతూ వచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి చూపు పక్కకు తిప్పుకుని, నా తర్వాతావిడకు పెట్టింది. అమ్మను తప్పు పట్టలేను. పెడితే పదిమంది అమ్మనే అనేవాళ్లు. కానీ ఆ తర్వాత నేను ఏ పేరంటానికీ వెళ్లలేదు. 

సరే, లెక్కకు వస్తాను. తుప్పు అనుకున్నాను. ఆ ఇంట్లో ఒకసారి కిటికీ కడ్డీలకు నుదురు ఆనించి వెనక పెరట్లోకి చూశాను, ఆ తుప్పు అంటి ఉంటుంది. తుప్పు అంత గుండ్రంగా అంటుతుందా? అంటవచ్చు. తుప్పుకు కుంకుమ వాసన వస్తుందా? ఆ ప్రశ్నను పక్కన పెట్టాను.

ఆ వారం నాకు కాలు ఒకచోట నిలవలేదు. రోజూ ఎస్టిమేటు తెరవడం, వైరింగుకు ఇంకో యాభై వేలు కలపడం, బాత్రూము టైల్సు తీసేయడం, మళ్లీ కలపడం. ఆఫీసులో వేరేవాళ్ల ప్రాజెక్టు మాట్లాడుతూ మదీనాగూడ స్లాబు గురించి ఆలోచించేదాన్ని. నిజం చెప్పాలంటే, నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలనుకుంటున్నది కొలతల కోసమా, ఇంకోదాని కోసమా అన్నది నాకే తెలియలేదు. ఆ అనుమానం వచ్చాక నా మీద నాకే చిరాకు మొదలైంది.

శనివారం మధ్యాహ్నం హరిణిని తీసుకుని వెళ్లాను. మేస్త్రి గదుల కొలతలు అడిగాడు. ఈసారి గేటు దగ్గరే నుదురు తడిగుడ్డతో తుడుచుకుని, ఇద్దరికీ కలిపి ఫోటో తీశాను. ఎందుకని హరిణి అడిగితే "ఇల్లు కొనేముందు గుర్తుకు" అన్నాను. లోపల ఉన్నంతసేపూ టేపుకు ఆ కొస తను, ఈ కొస నేను. ఒక్కసారి కూడా తను నా కళ్ల ముందు నుంచి పోలేదు, నేనూ తన కళ్ల ముందు నుంచి పోలేదు. కిటికీల దగ్గరికి వెళ్లలేదు. కడ్డీలు ముట్టుకోలేదు. ఏ చప్పుడూ లేదు, చల్లగాలీ వీచలేదు. మామూలు మధ్యాహ్నం, పక్కింట్లో కుక్కరు కూతలు.

హరిణి వంటింటి గట్టు పక్కన నిలబడి "ఇక్కడ ఉండే ఆవిడ నాకంటే పొట్టి అమ్మా" అంది. నేను రాసుకున్నాను, గట్టు ఎత్తు పెంచాలి అని.

బయటికొచ్చి గ్రిల్లు తలుపుకు తాళం వేసి వెనక్కి తిరిగాను. హరిణి నన్ను చూసి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నేనూ అంతే. దాని నుదుటి మీద చిన్న చుక్క. నా నుదుటి మీద కొంచెం పెద్దది. అప్పుడు మళ్లీ ఫోటో తీశాను. రెండు ఫోటోలూ పక్కపక్కనే ఉన్నాయి నా ఫోనులో.

నాకు జరిగితే ఏదో తుప్పో, చిరాకో, మతిమరుపో అనుకోవచ్చు. పిల్ల జోలికి వస్తే ఊరుకుంటామా! స్కూటీని మియాపూర్ మెట్రో కింద ఆపి, సీసాలో నీళ్లతో నా నుదురు కడుక్కుని, హరిణి వైపు తిరిగాను. అది తల వెనక్కి లాక్కుంది.

"కుంకుమే కదమ్మా. అదేమైనా కరుస్తుందా? నువ్వు కూడా కడుక్కోకుండా ఉండాల్సింది. బాగుంది నీకు."

తను ఆ బొట్టుతోనే ట్యూషన్‌కు వెళ్లిపోయింది. నేను ఇంట్లో కూర్చోలేక కాసేపు, నిలబడలేక కాసేపు గడిపాను.

నెలాఖరు దగ్గరపడింది. కొలతలు తీసుకుని రాములు మేస్త్రి లెక్క పంపాడు. పద్నాలుగు లక్షలు. లోపలి పైపులు ఇంకా పాడై ఉంటే ఆ ఖర్చు వేరే. నా పన్నెండు దాటింది కాబట్టి ఇక ఆలోచించాల్సిన పని లేదు. ఒక రకంగా తేలికపడ్డాను కూడా. మా అమ్మకు ఫోన్ చేసి "కొనడం లేదమ్మా" అని చెబుదామనుకున్నాను. అంతవరకు బాగానే చెప్పాను. తర్వాత ఏమైందో, బొట్టు సంగతి కూడా నా నోట వచ్చేసింది.

మర్నాడు పొద్దున అమ్మ మియాపూర్‌లో బస్సు దిగింది. బ్యాగు కింద పెట్టకముందే మొదలుపెట్టింది. "ముత్తైదువకు పెట్టాల్సింది నీకు పెడుతోందంటే ఆ ఇంట్లో ఉన్నది మంచిది కాదే తల్లీ. దానికి ఏదో తీరని ఆశ ఉండి ఉంటుంది. పిల్లను కూడా తీసుకెళ్లావా? నీకు బుద్ధుందా?"

కొనడం లేదని చెప్పినా వినలేదు. ఆ ఇంట్లో ఎవరు, ఎలా పోయారో తనకు తెలియాలంది. మనవరాలి నుదుటి మీద ఎవరి చెయ్యి పడిందో తెలుసుకోకుండా ఊరికి వెళ్లనంది. నర్సింగరావు గారికి ఫోన్ చేస్తే, ఇంకోసారి చూస్తామన్నామని సంతోషంగా షాపు వదిలి వచ్చారు. హరిణి బడిలో ఉంది.

అమ్మ ఇల్లంతా తిరిగింది. మూలమూలా చూసింది. తర్వాత హాల్లో నిలబడి, తన ధోరణిలో మెల్లగా అడిగింది. "మీ అమ్మగారు పూజలవీ బాగా చేసేవారాండీ? ఇంటికొచ్చిన ఆడవాళ్లకు బొట్టు అదీ పెట్టి పంపేవారా?"

ఆయన అమ్మను వింతగా చూశారు. "మా అమ్మనా? లేదమ్మా. మా నాయిన నాకు మూడేండ్లప్పుడే పోయిండు. అమ్మ ఈడ్నే కూసొని జాకెట్లు కుట్టేది. దినమంతా ఆడోళ్లే వస్తుండె. పండగలకు వస్తే మా పెద్దమ్మ పెడుతుండె వాళ్లకు బొట్టు. అమ్మ లోపల ఉంటుండె. అమ్మ కుంకుమ ముట్టంగ నేనెప్పుడూ సూడలే. అమ్మ చేతులతోటి ఎవరు పెట్టించుకుంటరు చెప్పుండ్రి?"

నేను గోడలో చెమ్మ ఎక్కడివరకు వచ్చిందో చూస్తున్నట్టు నటించాను. ఆవిడెవరో తెలియదు, ఫోటో కూడా చూడలేదు. కానీ పండగపూట అందరూ హాల్లో ఉంటే లోపల గదిలో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అక్కడి నుంచి బయటికి వచ్చినప్పటి సంగతి చివర చెబుతాను. ముందు మిగతావి చెప్పేస్తాను.

ఇల్లు కొన్నాను. బండలు మార్చలేదు, వంటింటి గట్టు కొట్టించలేదు, టైల్సు వేయించలేదు. వైరింగు, పైపులు, స్లాబు మాత్రం చేయించాను. మేస్త్రితో రెండు రోజులు బేరమాడి లెక్కను పన్నెండులోపలికి తెచ్చాను. ఖర్చు పెరిగితే ఆదుకునే ఎక్స్‌ట్రా ఒక్క రూపాయి కూడా పెట్టుకోలేదు. మా ఆఫీసులో ఎవరైనా అలాంటి ఎస్టిమేటు ఇస్తే నేను వెనక్కి పంపిస్తాను. గోడలు కొట్టినప్పుడు గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. పైపులు మరీ అంత పాడవలేదు. హరిణి ఆ రెండు అట్టపెట్టెలూ విప్పింది. వాటిలో సగం చిత్తు కాగితాలే.

మేం చేరాక ఆ బొట్టు మళ్లీ రాలేదు. రోజూ గడప దాటుతున్నాం, తాళం వేస్తున్నాం. ఏమీ లేదు. మొదట్లో అద్దం దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఇప్పుడు మానేశాను.

అన్ని రకాలుగా ఆలోచించాను. నాకు తెలియకుండా నేనే పెట్టుకున్నానా? నా బ్యాగులో కుంకుమ లేదు, ఆ ఇంట్లో లేదు. అప్పుడు మా ఇంట్లో కూడా లేదు. హరిణి ఆటపట్టించిందా? మొదటిసారీ మూడోసారీ తను లేనే లేదు. మేస్త్రి నాకు నాలుగడుగుల దూరంలో నడిచాడు. చివరిసారి నర్సింగరావు గారు మాకంటే ముందే గేటు బయటికి వెళ్లి ఫోన్ మాట్లాడుతున్నారు. ఆయన మాటలను బట్టి చూస్తే, ఆ ఇంట్లో ఉన్న మనిషి అసలు ఆ పని చేయనే చేయదు. లెక్క ఎటు నుంచి వేసినా తేలలేదు.

ఇక ఆ రోజు సంగతి. అమ్మ ముందుగా బయటికి వచ్చి మెట్టు కింద చెప్పులు వేసుకుంటోంది. నేను గ్రిల్లుకు తాళం వేసి తిరిగాను. అమ్మ తలెత్తి చూసింది. చూపు నా నుదుటి దగ్గర ఆగింది. ఆ చూపును బట్టి నాకు అర్థమైంది, నేను అద్దం అడగలేదు.

అమ్మ ఒక మెట్టు ఎక్కి నా దగ్గరికి వచ్చింది. చీర కొంగు చేతిలోకి తీసుకుంది. తుడిచేస్తుందని తెలుసు. తుడవకమ్మా అని అడగాలనిపించింది. అప్పటికే నాకు కన్నీళ్లు కారుతున్నాయి. గేటు బయట నర్సింగరావు గారు ఎవరితోనో బేరింగుల రేటు గురించి గట్టిగా మాట్లాడుతున్నారు.

అమ్మ కొంగుతో నా కళ్లు తుడిచింది. నుదురు ముట్టుకోలేదు. కాసేపు చూసింది. తర్వాత కొంగు వదిలేసి, ఉంగరం వేలు నా కనుబొమల మధ్య ఆనించింది. నేను బడికి వెళ్లే రోజుల్లో గుమ్మం దగ్గర ఆపి చేసినట్టే.

"కాస్త వంకరగా ఉందే" అంది.

ఆ బొట్టు ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. సరిచేసింది మాత్రం మా అమ్మ.